నీరు పోయని తోటలు: కామారెడ్డి, ఎల్లారెడ్డి మెట్టనేలల పండ్లచెట్ల చరిత్ర

పవిత్ర ఖుర్ఆన్‌లోని అన్ఆమ్ సూరా 141వ ఆయతులో రెండు రకాల తోటల ప్రస్తావన ఉంది. మొదటివి పందిళ్ళు వేసి పెంచేవి. రెండవవి పందిరి అవసరం లేకుండా తమంత తామే నిలిచేవి. రెండింటినీ అల్లాహ్ సృష్టిగానే పేర్కొని, వాటి పండ్లను తినమని, కోత రోజున వాటి హక్కును చెల్లించమని, దుబారా చేయవద్దని ఆ ఆయతు ఆదేశిస్తున్నది.

దక్కను చరిత్రకారులు మొదటి రకం తోటల గురించి విరివిగా వ్రాశారు. 1591లో వెలసిన హైదరాబాదును యూరపు యాత్రికులు కొందరు బాగ్‌నగర్ అని పిలిచారు. అది తోటల నగరమన్న అర్థంలో వచ్చిన పేరేనని ఆచార్య హారూన్ ఖాన్ షేర్వాణీ వాదించారు. కుతుబ్ షాహీల ఉద్యానవనాలు, వాటి నీటి కాలువలు, హౌజులు, ఫౌంటెన్లు గ్రంథస్థమైనాయి. రెండవ రకం తోటలకు మాత్రం చరిత్ర లేదు. వాటికి గోడ లేదు, మాలి లేడు, కాలువ లేదు. అటువంటి తోటలు తరతరాలుగా నిలిచిన నేలలలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం ఒకటి. సీతాఫలం, రేగు, చింత, నేరేడు, తునికి, వెలగ, ఉసిరి, ఈత అక్కడి చెట్లు. వాటిని ఎవరు నాటారు, ఎవరు తిన్నారు, ఏ ప్రభుత్వం లెక్కపెట్టింది, ఏది లెక్కపెట్టకుండా వదిలింది అనే విషయాలను పరిశీలిస్తే ఆ ప్రాంతపు పేదల చరిత్ర కొంత బయటపడుతుంది.

నేల స్వభావం

నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ 1865లో ప్రవేశపెట్టిన జిలాబందీ సంస్కరణల తర్వాత ఈ ప్రాంతం ఇందూరు జిల్లాలో ఉండేది. 1905 పునర్వ్యవస్థీకరణతో అది నిజామాబాదు జిల్లా అయింది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడగా, ఎల్లారెడ్డి అందులో చేరింది.

సాలుకు దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వర్షం పడే ఈ ప్రాంతాన్ని ఎడారి అనడానికి వీలులేదు. అయితే ఆ వర్షంలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నాలుగు నెలలలోనే కురిసిపోతుంది. తక్కిన ఎనిమిది నెలలు నేల తనలో దాచుకొన్న తేమ మీదనే బ్రతకాలి. దోమకొండ, మాచారెడ్డి, గాంధారి, లింగంపేట వైపు కనిపించేది నల్లరాతి గుట్టలు, వాటి మధ్య ఎర్రని చల్కా నేలలు. చల్కా నేల త్వరగా తడుస్తుంది, త్వరగా ఆరుతుంది. లోయలలో చెరువులు కట్టి వాటి క్రింద వరి పండించారు. చెరువు నీరు ఎక్కని గట్లు, గుట్టలు, కంచెలు మిగిలిపోయాయి. నీరు పోయని తోటలు పెరిగినది ఆ మిగిలిన నేల మీదనే.

పన్నెండు నెలల పంట

ఈ చెట్లు కాచే కాలాన్ని వరుసగా చూస్తే ఒక విశేషం గోచరిస్తుంది. వానలు మొదలైన జూన్, జూలై నెలలలో నేరేడు పండుతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు సీతాఫలం. చలి ముదిరేసరికి ఉసిరి, తర్వాత రేగు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు చింతకాయ దులుపుతారు. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపూలు రాలుతాయి. నడివేసవిలో తునికి, మొర్రి పండుతాయి. మే, జూన్ మాసాలలో ఈతపండ్లు వస్తాయి. ఇంతలో మళ్ళీ నేరేడు. ఏడాదిలో ఏదో ఒక చెట్టు ఏదో ఒకటి ఇవ్వని నెల దాదాపు లేదు.

ఇందులో సీతాఫలం కాలం ప్రత్యేకంగా గమనించదగినది. పాతపంట జొన్న అడుగంటి, కొత్తపంట ఇంకా ఇంటికి రాని రోజులవి. కూలి కుటుంబాలకు ఏడాదిలో కష్టమైన వారాలు అవే. సరిగ్గా అప్పుడే గుట్టల మీద సీతాఫలం కన్ను విప్పుతుంది. కండ్లు తేరిన కాయలను తెంపి, గడ్డిలో మాగబెట్టి, గంపలకు ఎత్తుకొని స్త్రీలు బస్టాండ్లకు, జాతీయ రహదారి ప్రక్కకు, కామారెడ్డి స్టేషనుకు తీసుకువస్తారు. పండు మాగిన తర్వాత రెండు మూడు రోజులకు మించి నిలవదు. అందువల్ల పెద్ద వ్యాపారి దీన్ని గిడ్డంగిలో దాచి ధర పెంచలేడు. ఆ లోపమే పేదవారికి కొంత రక్షణ కూడా అయింది.

దక్కనును వణికించిన 1876-78 కరవులో, 1899-1900 కరవులో, వానలు తప్పిన 1918లో, ఇటీవలి తరానికి గుర్తున్న 1972లో గ్రామీణులు అడవి పండ్ల మీద, దుంపల మీద ఆధారపడ్డారు. చింతగింజల పొట్టు తీసి పిండి చేసి అంబలి కాచుకొన్నారు. ఇప్పపూలు ఎండబెట్టి దాచుకొన్నారు. కరవు కాలంలో సీతాఫలం ప్రజలను ఆదుకొన్న సంగతిని పందొమ్మిదవ శతాబ్దపు వృక్షశాస్త్ర గ్రంథాలు కూడా పేర్కొన్నాయి.

ముస్లిం కుటుంబాలకు ఈ చక్రంలో మరొక అనుభవం ఉంది. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం కనుక రమజాన్ మాసం దాదాపు 33 ఏళ్ళలో ఋతువులన్నింటినీ చుట్టివస్తుంది. ఈ పల్లెలలో ఉపవాసం పాటించిన మనిషి జీవితకాలంలో ఒక రమజానుకు నేరేడు, ఒక రమజానుకు సీతాఫలం, ఒక రమజానుకు రేగు ఇఫ్తారు వేళ అందుబాటులో ఉంటాయి. ఖర్జూరం బజారు నుంచి రావాలి. ఇవి గుట్ట మీద నుంచి వస్తాయి.

పేర్లలో నిలిచిన ప్రయాణాలు

ఈ చెట్లన్నీ ఇక్కడివి కావు. చింత ఆఫ్రికా ఉష్ణప్రాంతాలలో పుట్టి అతి పురాతన కాలంలోనే భారతదేశం చేరింది. ఎంతగా ఇక్కడిదైపోయిందంటే, దీన్ని భారతదేశంలో చూసిన అరబ్బులు తమర్ హింద్, అనగా హిందూదేశపు ఖర్జూరం అని పేరుపెట్టారు. ఇబ్నె సీనా వైద్యగ్రంథంలో ఔషధాల జాబితాలో ఈ పేరే ఉంది. యూరపు భాషలు చింతపండుకు వాడే పేరు కూడా ఈ అరబ్బీ మాట నుంచి పుట్టినదే. చెట్టు ఆఫ్రికాది, పేరు అరబ్బులది, రుచి తెలుగు పులుసుది.

సీతాఫలం కథ ఇంకా చిత్రమైనది. దీని జన్మస్థానం అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలని, పోర్చుగీసువారు పదహారవ శతాబ్దంలో పడమటి తీరానికి తెచ్చారని వృక్షశాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అభిప్రాయం. బెంగాలీలో దీనికున్న ఆతా అనే పేరు, మలయాళంలోని ఆత్తచక్క అనే పేరు పోర్చుగీసు మాటను గుర్తుచేస్తాయి. దీనికి భిన్నమైన వాదం కూడా ఉంది. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1879లో ప్రకటించిన గ్రంథంలో భర్హుత్ స్తూప శిల్పాలలో సీతాఫలాన్ని గుర్తించినట్లు వ్రాశారు. ఉత్తర ప్రదేశ్‌లోని టోక్వా తవ్వకాలలో దొరికిన అవశేషాలను సీతాఫలం గింజలుగా పేర్కొంటూ 2009లో ఒక పరిశోధన వెలువడింది. శిల్పాన్ని గుర్తించడంలో పొరపాటుకు అవకాశం ఉందని విమర్శకులు అంటారు. వివాదం తేలకపోయినా ఒక సంగతి స్పష్టం. దక్కను గుట్టల మీద ఈ చెట్టు వ్యాపించడానికి ఏ రాజూ తోట వేయలేదు. పండు తిన్న మనిషి ఊసిన గింజ, పక్షి, నక్క విసర్జించిన గింజ రాతి సందులో పడి మొలిచింది.

తునికి, నేరేడు, ఇప్ప మాత్రం ఈ దేశపు అడవులకు చెందినవే. వాటిని గురించి శ్రద్ధగా వ్రాసిన విదేశీయులలో ఇబ్నె బతూతా ముఖ్యుడు. క్రీ.శ. 1333 ప్రాంతంలో భారతదేశం చేరి, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసి, దక్కనులో దౌలతాబాదు వరకు వచ్చిన ఆ మొరాకో యాత్రికుడు తన యాత్రాగ్రంథంలో హిందూదేశపు చెట్లకు ప్రత్యేకంగా స్థలం కేటాయించాడు. మామిడి, పనసతో పాటు తునికిని అబ్నూస్ చెట్టు పండుగా, ఎంతో తీయనిదిగా వర్ణించాడు. నేరేడును ఆలివ్ పండుతో పోల్చాడు. ఇప్పను ఎండబెట్టి తింటే అంజూరపు రుచి వస్తుందని, అంజూరం దొరకని ఆ దేశంలో తాను దానితోనే సరిపెట్టుకొన్నానని వ్రాసుకొన్నాడు. రాజసభలలో తిరిగిన మనిషి అడవి పండును చిన్నచూపు చూడలేదు.

లెక్కకు వచ్చిన చెట్టు, లెక్కకు రాని చెట్టు

పాలకులు చెట్టును చూసిన తీరు వేరు. హైదరాబాదు రాజ్యంలో భూమిశిస్తు తర్వాత ఖజానాకు చేరే ముఖ్య ఆదాయాలలో ఆబ్కారీ ఒకటి. దానికి ఆధారం తాటి, ఈత చెట్లు. మత్తు పానీయాన్ని నిషేధించిన ధర్మాన్ని అనుసరించే పాలకుల బొక్కసానికి కల్లు చెట్టు ఇంత పెద్ద ఆదరవు కావడం చరిత్రలోని వైరుధ్యాలలో ఒకటి. ఈత చెట్టు ఖర్జూరపు చెట్టుకు దగ్గరి బంధువు. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. అయినా కల్లు కోసం చెట్టుపన్ను విధించిన యంత్రాంగానికి ఈతపండుతో పనిలేదు. ఏటేటా గీసే చెట్టు నుంచి మంచి గెలను ఆశించలేరు కూడా.

తునికికి పట్టిన గతి కూడా ఇటువంటిదే. బీడీ పరిశ్రమ నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతాలలో విస్తరించిన తర్వాత తునికి ఆకుకు గిరాకీ పెరిగింది. వేలాది ఇండ్లలో, వాటిలో ముస్లింల ఇండ్లు కూడా అనేకం, స్త్రీలు బీడీలు చుట్టి కుటుంబాలను పోషించారు. 1970ల ఆరంభంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ఆకు వ్యాపారాన్ని తన ఆధీనంలోకి తీసుకొంటూ చేసిన నియమాలలో దీనికి అబ్నూస్ ఆకు అనే పేరే వాడింది. ఆరు శతాబ్దాల క్రితం ఇబ్నె బతూతా వాడిన మాట అదే. అతడు పండు కోసం వ్రాసిన పేరు సర్కారు కాగితంలో ఆకు పేరుగా మిగిలింది. లేత ఆకు బాగా రావడానికి ప్రతి ఏడాది వేసవికి ముందు తునికి పొదలను నరుకుతారు. ఏటా నరికిన పొద చెట్టు కాదు, చెట్టు కానిది పండు ఇవ్వదు.

సీతాఫలం, రేగు, నేరేడు, వెలగ ఈ లెక్కలలోకి పెద్దగా రాలేదు. వాటి నుంచి మత్తు తీయలేరు. వాటి ఆకు చుట్టి అమ్మలేరు. కలప విలువైనది కాదు. పండు గట్టిగా నిలవ ఉండదు. 1317 ఫస్లీ, అనగా 1907-08 నాటి హైదరాబాదు భూమిశిస్తు చట్టం మొదలు తర్వాతి చట్టాల వరకు విలువగల కలప చెట్ల మీద ప్రభుత్వ దృష్టి నిలిచింది. గుట్ట మీది సీతాఫలం పొద ఆ దృష్టిలో ముళ్ళకంపతో సమానం. ఈ ఉపేక్ష వల్లనే శతాబ్దాల పాటు ఆ పండు మీద పేదవారి చేయి నిరాటంకంగా సాగింది. దాని వల్లనే ఆ చెట్టును కాపాడవలసినప్పుడు కాపాడేవారు లేకపోయారు.

షరీఅత్ వేసిన మొదటి ప్రశ్న

నీరు పోయని చెట్టును ఇస్లామీ ధర్మశాస్త్రం ఇలా ఉపేక్షించలేదు. పంట మీద చెల్లించవలసిన ఉష్ర్ విషయంలో అది మొదట అడిగే ప్రశ్న, నీరు ఎవరు పోశారు అన్నది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన, సహీహ్ బుఖారీలో నమోదైన హదీసు ప్రకారం వర్షం వల్ల, ఊటల వల్ల పండినదానిలో పదవ వంతు, మనిషి తోడి పోసిన నీటితో పండినదానిలో ఇరవయ్యవ వంతు చెల్లించాలి. ఆ హదీసులోనే అసరీ అనే మాట వస్తుంది. ఎవరూ నీరు పెట్టకుండా తన వేళ్ళతోనే భూమిలోని తేమను త్రాగే చెట్టు అని వ్యాఖ్యాతలు దానికి అర్థం చెప్పారు. ఎల్లారెడ్డి గుట్ట మీది రేగుచెట్టుకు ఇంతకంటె సరియైన పేరు దొరకదు. శ్రమ తగ్గినచోట పేదవారి వాటా పెరగాలన్నది ఈ విభజనలోని నీతి.

ఎవరి భూమీ కాని కొండ మీది పండ్ల సంగతేమిటి? ఈ ప్రశ్న కూడా ఫుఖహాల ముందుకు వచ్చింది. భారతదేశపు మద్రసాలలో తరతరాలుగా బోధిస్తున్న అల్ హిదాయాలో, క్రీ.శ. 1197లో మరణించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ ఈ చర్చను నమోదు చేశారు. కొండలలో సేకరించిన తేనె మీద, పండ్ల మీద కూడా ఉష్ర్ ఉన్నదని ఒక అభిప్రాయం. దానికి ఆధారం ఫలం చేతికి అందిందన్నదే. సేద్యపు భూమి లేనప్పుడు ఉష్ర్‌కు కారణమే లేదని ఇమామ్ అబూ యూసుఫ్ నుంచి వచ్చిన భిన్నాభిప్రాయం. భారతదేశపు భూములు ఉష్ర్ భూములా కావా అన్నది ఉలమాల మధ్య వేరే చర్చ. ఇక్కడ గమనించవలసినది, కొండ మీది అడవి పండుకు ఆ న్యాయవేత్తలు ఒక స్థానం ఇచ్చి ఆలోచించారన్నది. పన్ను అధికారి ఆ పండులో రాబడి లేదని వదిలేశాడు. ఫఖీహ్ అందులో హక్కు ఎవరిదని అడిగాడు.

ఇతర హదీసులు కూడా ఈ ఆలోచనకు తోడుగా నిలుస్తాయి. ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి గాని, పశువు గాని, పక్షి గాని తిన్నది నాటినవానికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. అవసరంలో ఉన్న బాటసారి చెట్టు మీది పండును అక్కడే తినవచ్చునని, ఒడిలో కట్టుకొని పోరాదని సునన్ గ్రంథాలలో ఉన్నది. ఖైబర్‌లో తనకు దక్కిన భూమి విషయమై హజ్రత్ ఉమర్ (రజి) సలహా కోరినప్పుడు, మూలాన్ని నిలిపి ఫలాన్ని దానం చేయమని ప్రవక్త (స) సూచించారు. వక్ఫ్ వ్యవస్థకు మూలస్తంభమైన ఆ సంఘటనలో ఉన్నది పండ్లనిచ్చే భూమి. దాని ఫలం పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు చెందింది.

ఆనకట్టలు, బోర్లు, బోడిగుట్టలు

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ ప్రాంతానికి నీరు వచ్చింది. అయితే అందరికీ రాలేదు. 1916, 1922 సంవత్సరాల మధ్య ఆలేరు వాగు మీద పోచారం ఆనకట్ట నిర్మించగా ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు కొన్ని పొలాలు తడిశాయి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీటిని ఆపింది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్ ప్రతిభకు గుర్తుగా నిలిచిన ఆ ప్రాజెక్టు రెండు లక్షల డెబ్బై ఐదు వేల ఎకరాలను తడపాలని ఉద్దేశించబడింది. కాలువలు బాన్సువాడ, బోధన్ వైపు సాగాయి. బోధన్‌లో 1930ల చివర వెలసి 2015లో మూతబడిన చక్కెర కర్మాగారానికి చెరకు ఆ కాలువల క్రిందనే పండింది. కాలువ మట్టం కంటె ఎత్తున ఉన్న కామారెడ్డి, గాంధారి మెట్టలు యథాప్రకారం వాన మీద, చెరువు మీద ఆధారపడ్డాయి.

నీరు వచ్చినచోట వరి, చెరకు వచ్చాయి. రానిచోట తర్వాతి దశలో బోరుబావి వచ్చింది. 1980ల నుంచి బోర్లు విస్తరించి, భూగర్భజలం లోతులకు దిగిపోయింది. ఎండిన బోరు ప్రక్కన అప్పులపాలైన రైతు నిలబడ్డాడు. అదే చేను గట్టు మీది చింతచెట్టు మాత్రం ఏ కరెంటు మోటారు లేకుండా కాయలు దింపింది.

అదే కాలంలో గుట్టలు బోడివారాయి. 1950 లావుణీ నియమాల క్రింద, ఆ తర్వాతి కార్యక్రమాల క్రింద భూమిలేనివారికి బంజర్లు పంచడం న్యాయమే, అవసరమే. అయితే కంచె దున్నినప్పుడు రేగు, సీతాఫలం పొదలు మొదట పోయాయి. వంటచెరకు కోసం కొన్ని, రాళ్ళ క్వారీల కోసం కొన్ని, రోడ్డు వెడల్పు కోసం చింతచెట్లు కొన్ని నేలకూలాయి. చెట్టు పోయిన వాలు నుంచి మట్టి కొట్టుకుపోతుంది. నిర్మించిన నాడు దాదాపు 30 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టిన నిజాంసాగర్ పూడిక వల్ల కొన్ని దశాబ్దాలలోనే అందులో పెద్ద భాగం కోల్పోయింది. మంజీర పరీవాహకమంతటి నుంచి వచ్చిన ఆ మట్టిలో బోడివారిన వాలుల పాలు ఎంతో ఉంది.

ఇటీవలి ప్రభుత్వ కార్యక్రమాలు ఈ నష్టాన్ని పరోక్షంగా ఒప్పుకొన్నాయి. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ 2015 మార్చి 12న ఈ ప్రాంతంలోని సదాశివనగర్‌లోనే ప్రారంభమైంది. అదే ఏడాది జూలైలో హరితహారం మొదలైంది. అడవిలో పండు లేక కోతులు ఊళ్ళ మీద, పంటల మీద పడగా, వాటి కోసమని పండ్లచెట్లు నాటించవలసి వచ్చింది. ఊరికి తిండి పెట్టిన అడవిని పోగొట్టుకొని, చివరకు కోతి ఆకలి రూపంలో దాని విలువను ఊరు తెలుసుకొన్నది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని నమ్ముకొన్నవారికి కలపేతర ఉత్పత్తుల సేకరణ మీద, అమ్మకం మీద హక్కును గుర్తించింది. గాంధారి, లింగంపేట తండాల స్త్రీలు తరాలుగా చేస్తున్న పనికి చట్టంలో అప్పుడు చోటు దొరికింది.

తక్కువ శ్రమకు కారణాలు

ఈ చెట్లు మనిషి సాయం లేకుండా ఎలా నిలుస్తాయన్నదానికి శాస్త్రపరమైన కారణాలున్నాయి. సీతాఫలం వేసవికి ఆకు రాల్చి నీటి ఖర్చు ఆపివేస్తుంది. పొడిగాలిలో దాని పూత సరిగ్గా నిలవదు. తొలకరి తేమ తగిలిన తర్వాతనే పిందె బాగా కడుతుంది, అందుకే పంట వానలనే అనుసరిస్తుంది. దాని ఆకును మేక ముట్టదు. గింజలో పురుగులను చంపే గుణం ఉంది. ఆ గింజల పొడిని పేలకు వాడే అలవాటు పల్లెలలో ఉన్నా, అది కంటిలో పడితే తీవ్రమైన హాని చేస్తుంది. రేగు వేరు లోతుగా దిగుతుంది, ఎండాకాలం చెట్టు దాదాపు నిద్రపోతుంది. చింత నిదానంగా పెరుగుతుంది, గింజ నాటితే ఎనిమిది పదేళ్ళు ఆగాలి, ఆగినవారికి తరతరాలు కాస్తుంది.

తక్కువ శ్రమ అంటే శ్రమ లేకపోవడమని భావించరాదు. నాటిన మొదటి రెండు వేసవులలో కుండెడు నీరు, పశువుల నుంచి కాపు, వాన నీరు నిలిచే చిన్న పాదు అవసరం. ఆ తర్వాత చెట్టు తన బ్రతుకు తాను చూసుకొంటుంది. వేసవిలో కొమ్మలు కత్తిరిస్తే రేగు మరింత బాగా కాస్తుంది. అడవి రేగు మొక్క మీదనే ఉమ్రాన్, గోలా వంటి మేలిరకాల మొగ్గను అంటుకట్టవచ్చు. సీతాఫలంలో పాలమూరు ప్రాంతపు బాలానగర్ పేరుతో ప్రసిద్ధమైన రకం తెలంగాణ మెట్టలకు అలవాటుపడినది, మూడు నాలుగేళ్ళకు కాపుకు వస్తుంది. పన్నెండవ శతాబ్దపు సెవిల్లేలో ఇబ్నుల్ అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథంలో యాభైకి పైగా పండ్లచెట్ల పెంపకాన్ని వివరించాడు. నేల గుణాన్ని బట్టి చెట్టును ఎంచుకోవడం ఆ విద్యకు పునాది. నేలను చెట్టుకు తగినట్లు మార్చడానికి అప్పు చేసి బోరు వేయడం తర్వాతి కాలపు అలవాటు.

ఖాళీగా ఉన్న నేల

పై పరిశీలన ఒక ప్రశ్న వద్దకు తెస్తుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలో ఖబరస్తాన్లు, ఈద్గాహ్ మైదానాలు, దర్గాల పరిసరాలు ఉన్నాయి. వాటిలో అనేకచోట్ల గోడ కట్టడానికి డబ్బు లేదు, తోటమాలిని పెట్టే స్తోమత లేదు, బోరు వేసే వీలు లేదు. ఖాళీగా కనిపించిన నేల ఆక్రమణకు గురవుతుంది. హద్దు వెంట సీతాఫలం, రేగు, మూలలలో చింత, నేరేడు నిలిచిన నేలకు ఆ చెట్లే హద్దురాళ్ళు. వాటికి జీతం అక్కరలేదు. ముతవల్లీ చేయవలసింది రెండు వేసవుల శ్రద్ధ, ఆ తర్వాత పండు ఎవరికి చెందాలో ముందే తేల్చి వ్రాసిపెట్టడం. ఊరి అనాథలకు, వితంతువులకు, దారిన పోయేవారికి, ఏ మతస్థుడైనా ఆకలిగొన్న పిల్లవానికి ఆ పండు అందితే ఖైబర్ భూమిలో మొదలైన సంప్రదాయం ఈ గుట్టల మీద కూడా సాగినట్లే.

ఆబ్కారీ లెక్కలలో ఈత చెట్టు కనిపిస్తుంది, ఆకు టెండర్లలో తునికి కనిపిస్తుంది, కాలువ పటాలలో వరిపొలం కనిపిస్తుంది. కరవు సంవత్సరంలో ఒక తల్లి తన బిడ్డకు పెట్టిన సీతాఫలం ఏ దఫ్తరులోనూ లేదు. ఆ చెట్టును నాటిన చేయి ఎవరిదో తెలియదు, బహుశా ఒక పక్షిది. అయినా ఆ పండులో పేదవారి వాటా ఉందని షరీఅత్ పన్నెండు శతాబ్దాల క్రితమే చర్చించింది. ఆ వాటా మిగలాలంటే ముందు చెట్టు మిగలాలి.